ట్యాగ్ తెంపని యాంటెన్నా

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నేను ఈ జన్మలో మళ్ళీ ఆవకాయ ముట్టను. ఆవకాయంటే వీడికి ఎలాగూ అసహ్యమే కదా, ఈ ఒట్టుకి విలువేమిటని మా వాళ్ళు అంటారు కాబట్టి, ఇంకో ఒట్టు కూడా వేస్తున్నాను: మా అమ్మ మీద ఒట్టు. ఆవిడ ఇప్పుడు పక్కగదిలోనే టీవీ చూస్తోంది. తేడా వస్తే లేచి వచ్చి నా చెవి పట్టుకోగల దూరంలోనే ఉంది.

పోయిన ఆదివారం కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా గరాజ్ సర్దుతూ ఒక అట్టపెట్టె తెరిచాను. లోపల్నించి కొట్టిన కంపుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డీజిల్ పొగ, ఎండకి జిడ్డెక్కిన రబ్బరు, ఆ రెంటి మీదా ఇరవై ఏళ్ళకి పైగా మగ్గిన ఆవకాయ నూనె. అడుగున చుట్టలు చుట్టుకుని పడున్న నల్లటి కేబులు, దాని కొసన అరచేయంత అయస్కాంతం, దానికి బిగించిన సన్నటి ఉక్కు తీగ. సెల్‌ఫోన్లకి ఊరు దాటితే సిగ్నల్ అందని రోజుల్లో ట్రక్కు డ్రైవర్లు దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి వాడిన సీబీ రేడియో యాంటెన్నా అది. బాల్యం అనగానే అందరికీ ఏ మల్లెపూలో, తొలకరి మట్టో గుర్తొస్తాయి. నాకు గుర్తొచ్చేది ఈ కంపు. ఛీ.

నా చిన్నప్పుడు అమెరికా తూర్పు తీరాన పిస్కాటవేలో మేం ఉన్న అపార్ట్‌మెంట్‌లో కవరు లేని వస్తువంటూ ఉండేది కాదు. సోఫాకి వేసిన ప్లాస్టిక్ తీసేవాళ్ళం కాదు కాబట్టి, వేసవిలో నిక్కరుతో కూచుని లేస్తే తొడలు అతుక్కుపోయి చర్మం ఊడొచ్చినంత చప్పుడయ్యేది. టీవీ రిమోట్ పాలిథిన్ సంచిలో ఉండేది, ఆ సంచి నిండా నాన్న భోంచేస్తూ నొక్కిన పసుపు వేలిముద్రలు ఉండేవి. అమెరికాలో కొన్న వస్తువుని గడువులోపు షాపుకి తిరిగి ఇచ్చెయ్యొచ్చని తెలిసిన రోజునుంచీ ఆయనకి అదొక వ్రతమైపోయింది. పెళ్ళిళ్ళకి వేసుకున్న కోటు చేతి లోపల లేబుల్ గుచ్చుకుంటూనే ఉండేది. చలికాలం మంచు తవ్విన పార వసంతానికల్లా కడిగి తుడిచి వెనక్కి వెళ్ళిపోయేది. అందులో నాకున్నది సిగ్గు కాదు, అంతకంటే జిడ్డుగా ఉండేదేదో.

రెండువేల రెండులో నాకు పదమూడేళ్ళు. నాన్నకి కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఉద్యోగం దొరికింది. సామానంతా అద్దె ట్రక్కులో వేసుకుని మనమే డ్రైవ్ చేసుకుంటూ దేశం ఈ చివర్నించి ఆ చివరికి పోదామని ఆయన తేల్చేశాడు. ట్రక్కు ఆయన, వెనకాల కారు అమ్మ. అమ్మకి లైసెన్స్ వచ్చి మూడు వారాలే అయింది, అప్పటికి హైవే ఎక్కనేలేదు. మందుల ల్యాబ్‌లో తనకున్న ఉద్యోగానికి ఆవిడ ఆ శుక్రవారమే రాజీనామా ఇచ్చొచ్చి, ఏమీ అనకుండా పులిహోర కలిపింది.

"నువ్వేం భయపడమాకే. రేడియోలో నేను చెప్తా ఉంటా, నువ్వు చేస్తా ఉండు," అన్నాడు నాన్న. ఆవిడ ధైర్యమంతా ఆ గొంతు మీదే ఆధారపడింది.

యాంటెన్నాల ఎంపిక పెళ్ళి సంబంధాలు చూసినట్టు వారం రోజులు సాగింది. పొడుగెంత, బరువెంత, పొడుగైతే మాట దూరం పోతుంది గానీ కొమ్మలకి తగులుకుంటుంది, పొట్టిదైతే ముద్దుగా ఉంటుంది గానీ మూగది. చివరికి షాపతను చెప్పినట్టే కారుకి టాప్ మధ్యలో అతుక్కునే అయస్కాంతం యాంటెన్నా, ట్రక్కుకి అద్దం కమ్మీకి బోల్టుతో బిగించే నాలుగడుగుల ఫైబర్ కడ్డీ తెచ్చాడు. ఎంపికలో తప్పేం లేదు. బిగించడంలోనే మా వంశం బయటపడింది.

ట్రక్కు అద్దెది, దానికి గీత పడకూడదు. యాంటెన్నా వెనక్కి ఇచ్చేది, దానికీ గీత పడకూడదు. అందుకని నాన్న తన పాత బనీనులు చింపి, అద్దం కమ్మీకి కట్టు కట్టినట్టు నాలుగు వరసలు చుట్టి, దాని మీద క్లాంపు బిగించాడు. కడ్డీకి వేలాడే ధర ట్యాగ్ ఊడిపోకుండా దారంతో కట్టాడు. రెండు బళ్ళలో మైకులకీ పాలిథిన్ సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశాడు. కారు యాంటెన్నా అయస్కాంతం కిందా ప్లాస్టిక్ పొర ఉంచాడు గానీ, బయల్దేరేముందు అమ్మ నిమ్మకాయలు పట్టుకొచ్చి దాన్ని చూసింది. "ప్లాస్టిక్ మీద పసుపు నిలుస్తుందంటండీ?" అంటూ చర్రున పీకి పారేసి, అయస్కాంతానికి పసుపు రాసి బొట్టు పెట్టి టాప్ మీద టపీమని అతికించింది. నాన్న మొహం పెళుసు అప్పడంలా అయిపోయింది. అది ఇంక వెనక్కి ఇవ్వడం కుదరదు.

ఇంటిముందు పది గజాల దూరంలో పరీక్షిస్తే గొంతు గంటలా మోగింది. పెన్సిల్వేనియాలో ట్రక్కు పావుమైలు ముందుకెళ్ళేసరికి బరబర తప్ప ఏమీ లేదు. నాన్న మాట వినాలంటే అమ్మ ట్రక్కుకి అంటుకుని పోవాలి. ఆవిడ అలాగే పోయింది, రెండున్నర రోజులు. మా ముందు కిటికీ నిండా ట్రక్కు వెనక తలుపే. దాని పొగంతా మా కారులోకే వచ్చేది. ఎండకి పులిసిన పెరుగన్నం, రాత్రి మోటెల్ కార్పెట్ల ముక్కవాసన, నా సాక్సులు, ఆ పొగ. పక్క లేన్ ట్రక్కులవాళ్ళు హారన్ కొట్టాలని నేను చెయ్యి పైకెత్తి తాడు లాగినట్టు సైగ చేసే ఆట కూడా మానేశాను. అయోవాలో మొక్కజొన్న ఎంత ఎత్తుందంటే, అందులోంచి ఒక ఆవు మెడ పైకి సాచి మా కారుని చూసి మొహం తిప్పుకుంది. కావాలంటే అమ్మనడగండి.

అక్కడే నాన్న ఉన్నట్టుండి బ్రేక్ వేశాడు. అమ్మా వేసింది. కారు కీచుమని జారి ట్రక్కు తలుపుకి జానెడు దూరంలో ఆగింది. వెనక సీటులో ఉన్న ఆవకాయ జాడీ ఎగిరి నా సీటుకి కొట్టుకుని పగిలి, ఎర్రటి నూనె నా చొక్కాలోకి, చేతుల్లోకి, రేడియో మీదికి చిమ్మింది. అమ్మ మళ్ళీ బండి కదిలించింది. తర్వాత మెల్లగా వెనకపడింది. ట్రక్కు చిన్నదవుతూ పోయింది, రేడియోలో బరబర ఎక్కువైంది. ఇక ఆయనకి వినబడదని ఆవిడ అనుకుంది.

సరిగ్గా అప్పుడే, నా చేతిలో ఉన్న మైకు బటన్ ఆవకాయ జిడ్డుకి లోపలికి ఇరుక్కుపోయింది. అది నొక్కి ఉన్నంతసేపూ కారులో మాటలన్నీ గాల్లోకి పోతాయి.

"రేయ్, సోఫాని కొలిచాడ్రా మీ నాన్న," అంది అమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మూడుసార్లు కొలిచాడు, ట్రక్కులో పట్టుద్దో లేదోనని. నన్నొక్కసారి అడిగాడా, వస్తావా అని? ల్యాబ్‌లో నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ మాట చెప్దామని ఇంటికొస్తే టేపు ఆ చివర పట్టుకోమన్నాడు. పట్టుకున్నా. ఏం చేస్తాను? నేను కూడా ట్యాగ్ తియ్యని సరుకేలే ఆయనకి. నచ్చకపోతే తిరిగిచ్చేద్దామని చూస్తన్నాడేమో, పద్నాలుగేళ్ళ నుంచీ."

ఇంకా చాలా అంది. నేను రాయను. బటన్ మళ్ళీ పైకొచ్చాక రేడియోలో ఎవరో ముసలి డ్రైవర్ గొంతు ఇంగ్లీషులో మెల్లగా పలికింది. ఆయనేం చేశాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు మేడమ్, చేసింది మాత్రం తప్పే, అని.

తర్వాత వచ్చిన ట్రక్ స్టాప్‌లోకి నాన్న ఇండికేటర్ వేసి మళ్ళాడు. దిగొచ్చి కారు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"సోఫా కొలిచినప్పుడే అడగాల్సింది," అన్నాడు.

అమ్మ మొహంలో నెత్తురు లేదు. "విన్నారా?"

"మొత్తం. అయోవా మొత్తం విన్నది."

అక్కడ రేడియోలు బాగుచేసే షెడ్డులో నెరిసిన గడ్డంతో ఒకాయన ట్రక్కు అద్దం దగ్గరికొచ్చి, బనీను కట్టు చూసి, దీనికేమైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. వరస తర్వాత వరస విప్పుతూ చెప్పాడు: కడ్డీ ఒక్కటే మాట్లాడదు, దాని కాలు బండి ఇనుముని తాకాలి, బండి ఒళ్ళంతా దానికి నేల. నేల లేని యాంటెన్నా అవతలివాళ్ళ మాట ఎంతో కొంత వింటుంది గానీ తన మాట దాటించలేదు. అమ్మది పనిచేసింది, ఆవిడ ప్లాస్టిక్ పీకేసి గట్టిగా అతికించింది కాబట్టి. రంగు గీకాలి, గీకమంటారా అని అడిగాడు.

నాన్న ఆ కడ్డీ వైపు, అమ్మ వైపు చూశాడు. గీకమన్నాడు. ట్యాగ్‌ని మాత్రం తనే, నోటితో కొరికి తెంపాడు. ఆకురాయి రంగుని రూపాయి బిళ్ళంత మేర తినేసి తెల్లటి ఇనుము బయటపెట్టింది. బోల్టు బిగిసింది, ఆయన తగిలించిన మీటరులో ముల్లు కిందికి దిగింది, అంటే మాట ఇక బయటికి పోతుందన్నమాట.

మళ్ళీ హైవే ఎక్కేముందు రేడియోలో నాన్న గొంతు శుభ్రంగా వచ్చింది. "ఇదిగో... ముందు నువ్వు పోతావా? నేను వెనక వస్తా. అడుగుతున్నా."

అమ్మ గేర్ వేసి ట్రక్కుని దాటి ముందుకొచ్చింది. కాలిఫోర్నియా దాకా మా కిటికీలో ట్రక్కు తలుపు లేదు, రోడ్డు ఉంది. కారు కంపు మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు ఆ రేడియో లేదు, ఆ బరబర లేదు, తెలీని భాషలో ఏడుపు విని తీర్పు చెప్పే ముసలి డ్రైవర్లు ఏమయ్యారో. ఫోనే దారి చెబుతుంది. ఒకే కారులో కూచున్న నలుగురూ చెవుల్లో ఏవో పెట్టుకుని, ఒకరి మాట ఒకరికి అందకుండా పోతున్నారు. అమ్మ డ్రైవ్ చేస్తుంటే నాన్న పక్క సీట్లో కూచుని, "ఈ లేన్‌లో పోనా?" అని ఆవిడ అడిగేదాకా నోరు తెరవడు.

సరే. ఒట్టు వేశాను కాబట్టి చెప్పాలి. ఆవు నిజం, ముసలి డ్రైవర్ నిజం, నోటితో కొరకడం నిజం. నేను కల్పించింది ఒక్కటే, అదీ ఇప్పుడు కాదు, ఆ రోజే. ఇంట్లో ఇప్పటికీ అందరూ అదే నమ్ముతున్నారు. ఆ బటన్ ఇరుక్కోలేదు. వేలు తిమ్మిరెక్కేదాకా నేనే నొక్కి పట్టుకున్నాను. ఆవకాయ నూనె దాని కిందికి చేరే దారే లేదు. నాన్న ఆ మైకుకి పాలిథిన్ సంచి తొడిగాడు కదా.