గోతాలత్త బాణాలు, నా తీసివేత

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటకీ నందిగామకీ పోటీ లేని విషయం లేదు. ఎవరి మిరపకాయ ఘాటు, ఎవరి నాటకం రక్తి, చివరికి ఎవరి ఊళ్లో ఎండ ఎక్కువ అన్నదాని మీద కూడా బస్సుల్లో వాదించుకునేవాళ్లం. (ఎండ విషయంలో మాత్రం ఇద్దరం నిజమే చెప్పేవాళ్లం.) అలాంటి రెండూళ్ల మధ్యకి డార్ట్సు అనే దొరల ఆటని తెచ్చి పడేసినవాడు మా మిలిటరీ బాబాయి. యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లు ట్రంకుపెట్టెలూ కంబళ్లూ తెచ్చుకుంటే ఆయన ఒక గుండ్రటి పలకా, గుప్పెడు ఈక బాణాలూ తెచ్చుకున్నాడు. పలక మీద కోసిన దిబ్బరొట్టె ముక్కల్లా ఇరవై గళ్లు, ఒక్కో గడికి ఒక్కో అంకె. మూడువందల ఒకటితో మొదలుపెట్టి, పడిన అంకెలన్నీ తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకి చేరాలి. ఆ చివరి బాణం పలక అంచున ఉండే సన్నటి పట్టీలోనే పడాలి; అక్కడ గుచ్చుకుంటే ఆ గడి అంకె రెట్టింపవుతుంది. ఇంతే ఆట. చెప్పడానికి ఇంతే.

నందిగామ క్లబ్బులో మొదటి ఏడు పోటీ పెడితే ఆడినవాళ్లు అయిదుగురు, చూసినవాళ్లు నలుగురు. రెండో ఏడు ఒక బాణం కరణంగారి తలపాగాలో దిగడంతో ఆటకి ఎక్కడలేని పేరొచ్చింది. బాబాయి ఆ ఊపులో విజేతకి పెద్ద ఇత్తడి గంగాళం బహుమానం అని ప్రకటించాడు. "ఊరికే ఆడితే అమెచ్యూరు, గంగాళం కోసం ఆడితే ప్రొఫెషనల్. ఇక మనది ప్రొఫెషనల్ టోర్నమెంటురా!" అన్నాడు మీసం దువ్వుకుంటూ. ఆ గంగాళాన్ని వరసగా రెండేళ్లు నందిగామ ప్లీడరుగారు ఎత్తుకెళ్లారు. రెండోసారి ఆయన మీద ఓడిపోయినవాడిని నేనే. అప్పటికి కొత్తగా హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరాను; నా బాణాల్లో సగం పలకకి తగిలాయి, మిగతా సగం గురించి క్లబ్బు గోడనడగాలి.

పలక వెనక వేయడానికి గోనెపట్టా కావాలంటే ఓరోజు నేనూ బాబాయీ మా ఊరి వేరుసెనగ మిల్లుకి వెళ్లాం. అక్కడ పొట్టు మధ్య బాసింపట్టు వేసుకుని, నలభై అయిదేళ్ల మనిషి గోతాల మూతులు కుడుతోంది. చిల్లకల్లు నుంచి రోజూ వచ్చే ఆమెని మిల్లంతా గోతాలత్త అనేవాళ్లు. ఒక గోతం కుట్టడం అయిపోగానే పురికొస ఎక్కించిన దబ్బనాన్ని, తల కూడా తిప్పకుండా, ఆరడుగుల దూరంలో ఉన్న కొయ్యస్తంభం మీదికి విసిరింది. ఠక్కుమని దిగింది. హమాలీ ఇంకో గోతం తెచ్చి పెట్టేసరికి పురికొస పట్టి ఒక్క గుంజు గుంజింది, దబ్బనం చేతికొచ్చింది. మళ్లీ కుట్టు, మళ్లీ విసురు. నేను దగ్గరికెళ్లి చూశాను. స్తంభం మొత్తం మీద ఒక్కటే గుంట. పప్పుబద్ద పట్టేంత.

"అదేంటత్తా, అట్లా విసురుతున్నావు?" అన్నాను.

"కింద పెడితే పొట్టులో కలిసిపోద్ది మాస్టారూ, ఎవరి కాల్లోనో దిగుద్ది."

"ఎప్పట్నుంచి?"

"నా పెళ్లికి ముందు నుంచీ," అంది, తప్పు చేసినట్టు.

బాబాయి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. యుద్ధంలో ఫిరంగులు చూసిన మనిషి. తేరుకుని సంగతంతా చెబితే ఆమె అడిగింది ఒక్కటే: "గెలిస్తే గంగాళం నిజంగా ఇత్తారా?"

పోటీ రోజున క్లబ్బు కిటకిటలాడింది. గోతాలు కుట్టే ఆడమనిషి క్లబ్బులోకా అని కొందరు గొణిగారు. "రూల్సు రాసింది నేను, అందులో అట్లాంటి రూలేదీ లేదు" అని బాబాయి నోళ్లు మూయించాడు. గోతాలత్త బాణాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి తాడు లేదేంది? మళ్లీ ఎట్టా లాక్కోను?" అంది. అందరూ నవ్వారు. నిలబడి మొదటి మూడూ వేసింది, మూడూ గోడకి. నవ్వులు పెద్దవయ్యాయి. నా చెవులు కాలిపోయాయి. ఆమె మాత్రం నావైపు వంగి, "నిలబడి నాకు చేతకాదు మాస్టారూ. కూకోవచ్చా?" అంది. ప్లీడరుగారి మనుషులు అభ్యంతరం చెప్పారు. బాబాయి రూల్సు పుస్తకం తెరిచి, "గీత దాటకూడదని ఉంది, కూర్చోకూడదని లేదు" అన్నాడు. ఆమె గీత వెనక నేలమీద బాసింపట్టు వేసింది.

ఆ తర్వాత అక్కడ జరిగింది నేను ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అంకెలు ఆమెకి చదవడం రాదు గనక పక్కన కూర్చుని గడి చూపించడం నా పని. "అదిగో, ఆ నల్లది" అంటే నల్లదాంట్లో, "దాని అంచున సన్నటి పట్టీ" అంటే ఆ పట్టీలో. ఊపిరి బిగబట్టడం లేదు, గురి చూడటం లేదు. ఒకరి తర్వాత ఒకరు ఓడిపోయి, లేచి, ఆమె వెనకే నిలబడి చూడసాగారు. సాయంత్రానికి మిగిలింది ప్లీడరుగారొక్కరే. ఆయనకి ఇంకా తీసేయాల్సింది ముప్పైరెండు, ఈమెకి డెబ్భైనాలుగు. వంతు ఈమెది. చేతిలో మూడు బాణాలు. మూడూ పడేదాకా ఎవరూ నోరెత్తకూడదు, బోర్డు మీద అంకె వేయకూడదు.

ఇరవై చూపించాను. పడింది. పద్దెనిమిది చూపించాను. పడింది. యాభైనాలుగులోంచి పద్దెనిమిది. నాలుగులోంచి ఎనిమిది పోదు, పక్కనుంచి ఒకటి తెచ్చుకున్నాను, పద్నాలుగులో ఎనిమిది పోతే ఆరు. ఆ తెచ్చుకున్న ఒకటిని కంగారులో రెండుసార్లు తీసేశాను. ఇరవై ఆరు! పదమూడు గడి అంచు చూపించాను. ఆ పట్టీ సరిగ్గా నడిమధ్యన దిగింది బాణం. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. (లెక్కల మాస్టారు చెప్పాక ఎవరు అనుమానిస్తారు?) బాబాయి సుద్దముక్కతో బోర్డు దగ్గరికెళ్లి, ఆగి, నావైపు ఒకసారి చూసి, మెల్లగా "పది" అని వేశాడు.

మిగిలింది ముప్పై ఆరు, నేను కొట్టించింది ఇరవై ఆరు. ప్లీడరుగారు లేచి తన ముప్పైరెండుకి పదహారు అంచున కొట్టి గెలిచారు. ఒక్కళ్లూ చప్పట్లు కొట్టలేదు. ఆయన కూడా వాటి కోసం చూడలేదు. నేరుగా గోతాలత్త దగ్గరికొచ్చి, "అమ్మా, ఇంకొక్కటి వెయ్యవా? ఊరికే, చూడ్డానికి" అన్నారు. "బస్సెల్లిపోద్దయ్యా" అని ఆమె చీర దులుపుకుంది. గంగాళం ఇవ్వబోతే, "గెలవంది నాకెందుకు" అని పక్కకి జరిగింది.

బస్టాండు దాకా ఆమె వెనకే తలవంచుకుని నడిచాను. "అత్తా, తప్పు నాది" అన్నాను.

"నువ్వు చూపించిన కాడే కొట్టానా, లేదా?"

"కొట్టావు."

"అయితే నా పని నేను చేసినట్టే" అని బస్సెక్కింది.

మరుసటి ఏడు కబురు పెట్టకుండానే వచ్చింది. ఒళ్లో చిన్న మూట. విప్పితే మూడువందల ఒక్క సెనగ్గింజలు. పలక మీది గళ్లన్నీ అప్పటికి ఎవరి చేతో చెప్పించుకుని కంఠతా పట్టింది. బాణం పడ్డప్పుడల్లా అన్ని గింజలు తీసి పక్కన పెట్టుకుంటూ ఆడింది. మొహమాటంగా పక్కన కూర్చోబోతే, "కూకో మాస్టారూ, కానీ నోరు తెరవమాక" అంది. నోరు తెరవలేదు. చివరి బాణం పడేసరికి ఆమె ఒళ్లో ఒక్క గింజ లేదు. గంగాళాన్ని ప్లీడరుగారే స్వయంగా మోసుకెళ్లి బస్సు టాపు మీద కట్టించారు.

ముప్పై ఏళ్లకి పైగా పిల్లలకి తీసివేతలు నేర్పాను. ఎవడైనా నల్లబల్ల దగ్గర తెచ్చుకున్న ఒకటిని రెండుసార్లు తీసేస్తే తోటి మాస్టర్లు బెత్తం అందుకునేవాళ్లు. నేను మాత్రం అందుకోలేకపోయేవాణ్ణి. "పర్లేదురా, మళ్లీ చెయ్యి" అనేవాణ్ణి. బడిలో అందరూ నాది మెత్తటి మనసనుకునేవాళ్లు. అనుకోనిచ్చాను.