ఎద్దు కుడివైపు

1976 ఫిబ్రవరి 19, గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు రఘునాథపల్లి రైతు పోశయ్య, వరంగల్ చౌరస్తా దగ్గరి సందులో ఉన్న రామలింగం దుకాణం మెట్టెక్కి, తువ్వాలలో చుట్టి తెచ్చిన ఒక కవరును బల్ల మీద పెట్టాడు. కవరును మూసిన లక్క ముద్ర రెండు ముక్కలై ఉంది.

రామలింగం కార్యాలయాలకు ఇత్తడి ముద్రలు చెక్కేవాడు. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్ళు. పిల్లలు లేరు. భార్య భద్రమ్మ పోయి నాలుగేళ్ళు దాటింది. ముందు గది దుకాణం, వెనుక గది ఇల్లు.

“బస్సుల నిలవడి వచ్చిన. ఎవడో మోచెయ్యి వెట్టి నూకిండు, పటుక్కుమన్నది,” అన్నాడు పోశయ్య. “కోర్టుల ఇయ్యాలె. సింహం ఇరిగితె కాయితం పానం పోయినట్టే అంటాండ్రు. జర కాక వెట్టి అతికియ్యన్నా.”

“అతికిస్తె అది దొంగముద్ర అయితది. ముంగట నువ్వు జైలుకు, నీ ఎన్కనె నేను.”

“గంత మాటనా!”

“ఆఫీసుకు వాపస్ పో. ఇంకోటి ఏసి ఇస్తరు. పానం కాయితంల ఉంటది, లక్కల కాదు.”

“మా ఊళ్ళె అట్లనరు. మూడు సింహాలు మన దిక్కు చూస్తయట. నాలుగోది ఎన్క నుంచి ఆఫీసరును చూస్తదట. అది చూస్తాందనే ఆయన లంచం మెల్లగ అడుగుతడట.”

రామలింగం నవ్వాడు. నవ్వుతూనే ముక్కలను దగ్గరకు జరిపి, అలవాటు చొప్పున భూతద్దం పెట్టాడు. ముద్ర తాను చెక్కినదే. సింహాల కింది సన్నని పట్టీలో, చక్రానికి ఎడమవైపు ఎద్దు, కుడివైపు గుర్రం ఉన్నాయి.

జాతీయ చిహ్నంలో, చూసేవారికి, ఎద్దు కుడివైపు, గుర్రం ఎడమవైపు ఉంటాయి. ఇత్తడి దిమ్మె మీద చెక్కేటప్పుడు అంతా తారుమారుగా చెక్కాలి. అప్పుడే లక్కలో సరిగా పడుతుంది. అందుకని నమూనాను పలుచని కాగితం మీదికి ఎత్తి, ఆ కాగితాన్ని బోర్లించి దిమ్మెకు అంటిస్తారు. రామలింగం సింహాలకు ఒక కాగితం, అక్షరాలకు మరొక కాగితం వాడేవాడు. ఈ దిమ్మెకు అక్షరాల కాగితం బోర్లించాడు. సింహాల కాగితం బోర్లించలేదు. సింహాలు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటాయి కనుక తప్పు పైకి కనబడదు. కింది పట్టీలోనే, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో, కనబడుతుంది.

పోశయ్య కవరు తీసుకొని వెళ్ళిపోయిన తరువాత రామలింగం తన పుస్తకం తెరిచాడు. జిల్లాలోని ఒక తాలూకా కార్యాలయానికి ఆ దిమ్మెను 1971 నవంబరు 12న అప్పగించినట్టు రాసి ఉంది. ఆ వారమంతా భద్రమ్మ దవాఖానలో ఉంది. చేరిన పదకొండో రోజున మరణించింది.

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. చెక్కినవాడు తన పనిని తాను పరీక్షించకూడదు. దిమ్మె పూర్తయిన నాడు రామలింగం దాన్ని వంటగది గడప మీద పెట్టేవాడు. భద్రమ్మ జొన్నరొట్టెల పిండిలోంచి చిన్న ముద్ద తీసి, అరచేతిలో చదును చేసి, దిమ్మెను దాని మీద నొక్కేది. కొంగున ముడివేసిన రూపాయి బిళ్ళను విప్పి, దాని మీది సింహాలను, పిండిలోని సింహాలను పక్కపక్కన పెట్టి చూసేది. ఆమెకు చదువు రాదు. పోలిక చూసే కన్ను ఉంది. “బాగుంది” అనేది, లేదా ఏమీ అనకుండా దిమ్మెను మళ్ళీ గడప మీద పెట్టేది. ఇరవై ఏళ్ళలో అలా ఏమీ అనకుండా పెట్టినవి మూడు.

నవంబరు 12 నాటి దిమ్మెను ఎవరూ పిండిలో నొక్కలేదు.

ఆ తరువాత చెక్కినవి ముప్పై ఒకటి. రామలింగం ప్రతి కార్యాలయానికీ వెళ్ళి, ఏదో సాకు చెప్పి, కవర్ల మీది ముద్రలు చూసి వచ్చాడు. ఇందుకు రెండు నెలలు పట్టింది. అన్నీ సరిగానే ఉన్నాయి.

బజారులో ఒక మాట ఉండేది. ఎద్దు రైతుది, గుర్రం సర్కారుది. అన్నం తినే చేతివైపు ఎద్దు ఉన్నన్నాళ్ళు పంటకు లోటు రాదు, గుర్రం అటు వచ్చిననాడు పొలాలు తొక్కుతుంది. ఈ మాటకు ఆధారం ఏ గ్రంథంలోనూ కనబడలేదు. రామలింగం కూడా దాన్ని నమ్మనని అనేవాడు. అయినా లెక్క చూసుకున్నాడు: దిమ్మె ఇచ్చింది 1971 చివర, 1972లో వానలు పడలేదు. ఆ దిమ్మె చెల్లని జిల్లాల్లోనూ పడలేదన్న సంగతి ఆయనకు తెలుసు. తెలిసినా, ఆ వేసవి అంతా ఆయనకు నిద్ర సరిగా పట్టలేదని పక్క దుకాణంవారు చెబుతారు.

ఆయన కోరింది ఒక్కటే: ఆ దిమ్మెను తన చేతికి ఒకసారి ఇస్తే, సరిచేసి తిరిగి ఇస్తాడు. కూలి అక్కరలేదు. పై అధికారులకు మాత్రం రాయలేదు. రాస్తే ముద్ర మీద విచారణ అవుతుంది. పోశయ్య వంటివారి కాగితాలన్నీ అనుమానంలో పడతాయి. అందుకని ఏటా ఫిబ్రవరిలో ఆ తాలూకా కార్యాలయానికే ఒక దరఖాస్తు పట్టుకొని వెళ్ళేవాడు.

హెడ్ క్లర్కు సారంగపాణి ఆయనను గుమ్మంలోనే గుర్తుపట్టేవాడు.

“ఏం రామలింగం, మళ్ళ వచ్చినవా? ఎద్దు ఎట్లున్నది, మేత తింటాందా?”

“ఒక్కపారి అద్దం వెట్టి చూడుండ్రి సార్.”

“చూసిన. ఎద్దున్నది, గుర్రమున్నది. కొమ్ములు గుర్రానికైతె లెవ్వు గద? ఇగ నీకేం ఫికర్?”

గదిలో నలుగురూ నవ్వేవారు. దరఖాస్తు మీద ప్రతిసారీ ఒకే వాక్యం పడేది: “ముద్ర విషయమై ఇంతవరకు ఫిర్యాదు అందనందున చర్య అవసరం లేదు.” సారంగపాణి చెడ్డవాడు కాడు, ఒకసారి చాయ్ కూడా తెప్పించాడు. ఆ ముద్రలో తప్పుందని తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కడే మిగిలాడు. ఆయన సాయంత్రం తిరిగి వచ్చి, రెండు రొట్టెలు కాల్చుకొని, ఒకటి తిని, ఒకటి ఉదయానికి మూతపెట్టుకునేవాడు. పిండి ముద్ద మీద దిమ్మె నొక్కే అలవాటు భద్రమ్మతోనే పోయింది.

1985 ఫిబ్రవరి నాటికి దరఖాస్తులు తొమ్మిది.

ఆ ఏడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పాత దిమ్మెలను రద్దు చేయాలి. అంటే ముఖం మీద ఉలితో అడ్డంగా, నిలువుగా రెండు గాట్లు పెట్టి, కరగడానికి పంపాలి. జూన్ 10, సోమవారం నాడు ఆ పనికి రామలింగాన్ని పిలిపించారు. సారంగపాణి అప్పటికి రిటైరయ్యాడు. రికార్డు గదిలో సుగుణ అనే కొత్త గుమస్తా ఉంది.

“అయిదు దిమ్మెలు, పెద్దబాపు. ఒక్కోదానికి రెండు గాట్లు. అద్దగంట పని.”

“నాలుగింటికి అద్దగంట చాలు. ఈ ఒక్కదానికి నాలుగు రోజులు గావాలె బిడ్డా.”

“రెండు గాట్లకు నాలుగు రోజులా?”

“గాట్లకు కాదు. సాపు చెయ్యాలె.”

“కరగవోసేదానికి రిపేరా! ఎవరన్న ఇంటె నవ్వుతరు.”

“నవ్వనియ్యి. తొమ్మిదేండ్ల సంది నవ్వుతనే ఉన్నరు.”

సుగుణ నవ్వలేదు. ఫైలు వెతికి తీసింది. తొమ్మిది దరఖాస్తులు, ఒక్కోటి పద్నాలుగు వరుసలు. తేదీ తప్ప ఒక్క మాటా మారలేదు.

“మీకు ఆనాడే ఎట్ల తెల్వలే?” అని అడిగింది.

“చూసే మనిషి ఇంట్ల లేకుండె.”

ఆమె ఫైలు మూసింది. “శుక్రవారం దాక గడువున్నది. దిమ్మె మాత్రం ఈ గది దాటద్దు,” అన్నది.

చెక్కిన లోహాన్ని పక్కకు జరపలేము. ముఖం మొత్తాన్ని ఆకురాయితో ఒకటిన్నర మిల్లీమీటరు అరగదీసి, సింహాలు, పట్టీ, అక్షరాలు అన్నీ మొదటి నుంచి చెక్కాలి. రామలింగం కిటికీ పక్కన బల్ల వేసుకున్నాడు. ఈసారి రెండు కాగితాలనూ బోర్లించాడు. వయస్సు అరవై నాలుగు. ప్రతి ఇరవై నిమిషాలకు చెయ్యి ఆపి, వేళ్ళు చాపి, మళ్ళీ పట్టేవాడు. 

జూన్ 13, గురువారం, సాయంత్రం నాలుగు గంటలకు ఆయన టిఫిను డబ్బా మూత తీశాడు. లోపల జొన్నపిండి ముద్ద, ఒక పాత రూపాయి బిళ్ళ ఉన్నాయి.

“ఇది మీద వెట్టి ఒత్తు బిడ్డా. నేను చూడొద్దు,” అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సుగుణ నొక్కి, దిమ్మె తీసి, బిళ్ళను పక్కన పెట్టింది. భూతద్దంతో ఒకదాన్ని చూసి, రెండోదాన్ని చూసి, మళ్ళీ మొదటిదాన్ని చూసింది.

“ఎద్దు ఎటున్నది?”

“కుడి దిక్కు. బిళ్ళ మీద గూడ కుడి దిక్కే.”

“మిగిలినయి?”

“బాగుంది, పెద్దబాపు.”

ఆయన ఇటు తిరిగాడు. తరువాత లక్క కరిగించి, రద్దు రిజిస్టరులో నమూనా గడిలో ఒకసారి ముద్ర వేశాడు. అది చల్లారేవరకు ఆగాడు. ఉలి తీసుకొని, దిమ్మె ముఖం మీద నిలువుగా ఒక గాటు, అడ్డంగా ఒక గాటు పెట్టి, సుగుణ చేతికిచ్చాడు. పిండి ముద్దను డబ్బాలో పెట్టుకొని ఇంటికి వెళ్ళాడు. ఆ తరువాత, 1987 వేసవిలో చనిపోయేవరకు, ఆ కార్యాలయానికి మళ్ళీ రాలేదు.

రిజిస్టరులోని ఆ పుటలో సుగుణ దస్తూరితో రెండు పద్దులున్నాయి. సవరణకు ముందు వేసిన ముద్రలు: లెక్క లేదు. సవరణ తరువాత వేసిన ముద్రలు: 1