పొడుగు మామయ్యని వెనక్కి పంపిన వసు

నిన్న ఉదయం హాస్పిటల్ లిఫ్ట్‌లో ఉండగా ఫోన్ మోగింది. నర్స్. "ఎక్కడున్నారు?" అని అడిగింది. "వచ్చేశా, లిఫ్ట్‌లో ఉన్నా" అన్నాను.

వసు అప్పటికే వెళ్ళిపోయింది.

నా జేబులో తన లాప్‌టాప్ చార్జర్ ఉంది. దానికోసమే నన్ను ఇంటికి పంపింది. "ఈసారి సరైనది తెండి. మొన్న మీ షేవర్‌ది తెచ్చారు" అంది. నాతో అన్న చివరి మాట అదే. మా కాపురానికి తగిన మాటే.

తెలియనివాళ్ళ కోసం: వసుంధర నా భార్య. ఇక్కడ కెనడాలో, విండ్సర్‌లోని కార్ల పార్ట్స్ ప్లాంట్‌లో ప్రొడక్షన్ రిపోర్టులు చేసేది. వారమంతా స్ప్రెడ్‌షీట్లు చూసి, శనివారం ఉదయం మా డైనింగ్ టేబుల్ దగ్గర మళ్ళీ అవే నేర్పేది. ప్రతి సెమిస్టర్‌కీ మన పిల్లలు చదువులకి గుంపులుగా దిగుతున్న రోజులు. ఆరు కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చునేవాళ్ళు.

ఫీజు లేదు. ఉప్మా ఉంది.

ఏరియా చార్ట్ తన స్పెషాలిటీ. "లైన్ ఎవరైనా గీస్తారు. కింద రంగు నింపితేనే అసలు గొడవ మొదలు" అనేది.

త్రీ-డీ పెడితే మాత్రం ఊరుకునేది కాదు. "ఏంటిది, అపార్ట్‌మెంట్ బ్రోచరా?"

కరీంనగర్ శ్రావణి మొదటిసారి వచ్చిన శనివారం బాగా గుర్తు. ఆరోజు వసు అందరినీ వాళ్ళ వారాన్నే చార్ట్ చేయమంది. క్లాసు ఎన్ని గంటలు, షిఫ్ట్ ఎన్ని గంటలు, నిద్ర ఎన్ని గంటలు.

శ్రావణి చార్ట్‌లో నిద్ర లేదు. డేటా పోయిందనుకుని అంకెలన్నీ మూడుసార్లు టైప్ చేసింది, పాపం.

"ఆంటీ, నా నిద్ర డిలీట్ అయినట్టుంది."

వసు వంగి చూసింది. "ఎక్కడికీ పోలేదమ్మా. పెళ్ళిలో గ్రూప్ ఫోటోకి పొడుగు మామయ్య ముందు నిలబడ్డాడు, అంతే. నీ షిఫ్టే ఆ మామయ్య. ఇంక వెనకున్నవాళ్ళు ఏం కనిపిస్తారు?"

"మరి ఏం చేయాలె ఆంటీ?"

"వెనక వరసలోకి పంపు. వెళ్ళనని మొండికేస్తే, గాజులా చేసెయ్."

సిరీస్ ఆర్డర్ మార్చడం, ఫిల్‌లో ట్రాన్స్‌పరెన్సీ పెంచడం. మా ఇంట్లో వాటి పేర్లు ఇవి.

శ్రావణి ట్రాన్స్‌పరెన్సీ పెంచింది. నిద్ర కనిపించింది. అడుగున చాప పరిచినట్టు, సన్నగా.

టేబుల్ అంతా నవ్వు. వసు నవ్వలేదు. "దీన్ని ఏ ఫార్మాటింగూ బాగుచేయదు. లే, వెళ్ళి ఆ సోఫా మీద పడుకో" అంది.

ఆ పిల్ల సాయంత్రం నాలుగు దాకా లేవలేదు. మేమంతా గుసగుసగా మాట్లాడుకున్నాం. ఉప్మా కూడా చప్పుడు చేయకుండా తిన్నాం.

ఇప్పుడు అసలు విషయం.

వచ్చే సోమవారం శ్రావణికి కో-ఆప్ ఇంటర్వ్యూ, అదే, చదువులో భాగంగా చేసే ఉద్యోగానికి. సొంతంగా చేసిన చార్ట్ ఒకటి చూపించి మాట్లాడాలి. ముందుగా తను చూస్తానని వసు మాటిచ్చింది. చార్జర్ అందుకే.

నిన్న సాయంత్రం శ్రావణి మెసేజ్ పెట్టింది. "ఆంటీ చూడకుండ నేను పోలేను అంకుల్. క్యాన్సిల్ చేసుకుంటా."

ఈ ఉదయం చార్జర్ పెట్టి లాప్‌టాప్ తెరిచాను. శ్రావణి చార్ట్ తెరిచే ఉంది. పక్కన వసు రాసిన కామెంట్. పంపేలోపే బ్యాటరీ అయిపోయినట్టుంది.

"రంగులు బాగున్నాయి. మామయ్య ఇంకా ముందే ఉన్నాడు. ఏం చెయ్యాలో నీకు తెలుసు. నన్ను అడగకు."

శ్రావణీ, ఆంటీ చూసింది.

ఇక ఇంటర్వ్యూకి వెళ్ళడమే.

అంత్యక్రియలు శుక్రవారం. వివరాలు కామెంట్స్‌లో పెడతాను.

శనివారం పదింటికి మామూలుగానే క్లాస్ ఉంటుంది. మైల కదా అని పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను. శ్రావణి మా టేబుల్ దగ్గరే మామయ్యని వెనక్కి పంపాలి. మిగతావాళ్ళు ఇంటర్వ్యూ చేసేవాళ్ళలా కూర్చుని ప్రశ్నలు అడగండి. జాలి చూపించకండి, వసు చూపించేది కాదు.

ఉప్మా మాత్రం ఈసారి మీరే తేవాలి. నాది ఎలా ఉంటుందో మీకు తెలుసు.

వెళ్ళిరా వసూ. ఎక్కడున్నా ప్రశాంతంగా ఉండు.

చార్జర్ సరైనదే తెచ్చాను.