లకిడీకాపూల్‌లో దిగిపోయిన మామ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఈ భూమ్మీద ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, గద్వాల బస్టాండు దగ్గర అద్దెకు తీసుకున్న మొబైల్ రిపేరు దుకాణం, నెత్తిమీద ఎత్తుగా దువ్విన క్రాపు. ఈ మూడూ ఉన్నవాడికి తెలియనిదేముంటుంది చెప్పండి? ఎవరేమడిగినా టక్కున జవాబు చెప్పేవాణ్ని. ‘తెల్వదు’ అంటే పరువు పోతుందని గట్టి నమ్మకం. ఇక హైదరాబాదు సంగతి చెప్పనే అక్కర్లేదు. రిపేరు పని నేర్చుకోవడానికి అమీర్‌పేటలో పదిహేను రోజులున్నాను కదా! ఆ పదిహేను రోజుల్లో ఒకే ఒక్కసారి మెట్రో రైలెక్కాను, అదీ స్నేహితుడి వెనక నడుస్తూ. (టికెట్టు వాడే తీశాడు, వాడే ఎక్కించాడు, వాడే దించాడు. నేను చేసిందల్లా కిటికీలోంచి చూడటం.) ఊరికొచ్చాక మాత్రం ఆ ఒక్క ప్రయాణాన్నే ముక్కలు ముక్కలుగా చేసి, దుకాణానికొచ్చిన వాళ్లందరికీ ఏడాది పొడుగునా చెప్పాను. మెట్రో వేసినవాళ్లు నన్నడిగే వేశారేమో అన్నట్టుండేది నా వరస.

ఆ గొప్పలే చివరికి నా మెడకు చుట్టుకున్నాయి. సిటీ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. వాళ్లది నాగర్‌కర్నూల్ పక్క పల్లెటూరే. తండ్రి మేస్త్రీ పనిమీద పోయి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండిపోయాడు. అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే: ఉద్యోగం మానను, చేసుకునేవాడే వచ్చి సిటీలో బతకాలి. అంతకుముందు చూసిపోయిన ఇద్దరూ ముందు సరేనని, తాంబూలాల దగ్గరికొచ్చేసరికి ‘ఉద్యోగం ఎందుకులే’ అని మాట మార్చారట. అందుకని ఈసారి ఆమె ముందే కచ్చితంగా అడిగించింది. మా అమ్మ ఫోనులో ఏమాత్రం తడుముకోకుండా, “మావోనికా? సిటీ అంటే వానికి మా ఇంటి వాకిలి లెక్కనే. రైళ్లు గీళ్లు అన్నీ వానికే ఎర్క” అనేసింది. పక్కనే కూర్చుని ఆ మాట విన్న నేను సిగ్గుపడాల్సింది పోయి, మీసం దువ్వుకున్నాను.

సరిగ్గా అప్పుడే నాన్నకు కాలు బెణకడంతో, పిల్లను చూడటానికి నాకు తోడుగా మా మేనమామ బయల్దేరాడు. మామ పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలు చేస్తాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, నడుముకు వక్కాకు సంచి. ఎద్దు నాలుగడుగులు వేస్తే చాలు, దాని వయసూ గుణమూ చెప్పేయగలడు. మనుషుల విషయంలోనూ ఆయన చూపు అలాగే ఉంటుంది, కాబట్టి నేను ఆయన ముందు ఎక్కువగా నడిచేవాణ్ని కాదు. పోవాల్సింది శుక్రవారం. “పదిన్నరకు రాహుకాలం వస్తది. గాలోపల వాళ్ల గడప దాటాలె, లేకుంటే మళ్ల పన్నెండు దాటినాకనే” అని అమ్మ మామకు పదిసార్లు చెప్పింది. మామ ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు.

తెల్లవారుజామున పెబ్బేరులో బస్సెక్కి, ఎనిమిదిన్నరకల్లా హైదరాబాదు పెద్ద బస్టాండులో దిగాం. దారి పొడుగునా నేను ఫోనులో పాటలు వింటూ, నా మొహాన్ని నేనే రకరకాలుగా ఫొటోలు తీసుకుంటూ వచ్చాను. దిగగానే మామ, “అల్లుడా, ఆటో మాట్లాడుదమా?” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. “ఆటో ఏంది మామా! మెట్రోల పోతే నాలుగో స్టేషనే. పావుగంట సుత పట్టదు” అన్నాను. ఆ మాట నిజమే. మెట్రో పావుగంటే పడుతుంది. నాకు పట్టిందే వేరు.

మొదటి ఆటంకం స్టేషన్లో అడుగుపెట్టగానే వచ్చింది. సంచులు మిషనులో పెట్టమన్నారు. మామ వక్కాకు సంచి అటువైపు బయటికి రాగానే కాపలా ఆయన ఆపేశాడు. “పెద్దాయనా, ఇందులో కత్తి లాంటిదేదో ఉంది.” మామ సంచి విప్పి, మా తాతనాటి ఇనుప అడకత్తెర తీసి చూపించాడు. “కత్తి కాదు బిడ్డా, వక్కలు కత్తిరించేది.” “ఏదైనా సరే, లోపలికి పోనియ్యం.” “మరి వక్క ఎట్ల తినాలె? నీ పండ్లిస్తవా?” వెనక వరస పెరిగిపోతోంది. నేను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఈ పెద్దమనిషి ఎవరో నాకు తెలియదన్నట్టు గోడమీది ప్రకటనలు చదువుతున్నాను. చివరికి మామ మళ్లీ కిందికి దిగి, బస్టాండు పక్కన టీ అమ్ముకునే ఆమెతో వరస కలిపి, అడకత్తెర ఆమెకప్పగించి వచ్చేసరికి అరగంట గడిచింది. (సాయంత్రం పోయి తెచ్చుకున్నాడు. అప్పటికి ఆమె కొడుకు ఎక్కడ చదువుతున్నాడో కూడా మామకు తెలుసు.)

అప్పట్లో టికెట్టుకు బదులు చిన్న ప్లాస్టిక్ బిళ్లలిచ్చేవారు. లోపలికి పోయేటప్పుడు గేటుకు తాకించాలి, బయటికి వచ్చేటప్పుడు గేటు నోట్లో వెయ్యాలి. రెండు బిళ్లలు కొని, రెండూ తాకించి, ఇద్దరం లోపలికి పోయాం. మామ వెంటనే నా చేతిలోని బిళ్ల కూడా లాక్కుని నడుము సంచిలో వేసుకున్నాడు. “నువ్వు పారేస్తవ్. నా తాన్నే ఉండనీ.” మామది అనవసర జాగ్రత్త అనుకున్నాను. కదిలే మెట్లు చూసి ఆయన జంకితే, “నా లెక్క అడుగు వెయ్ మామా” అని ధైర్యం చెప్పి పైకి తీసుకుపోయాను. పైన రెండు వైపులా రైళ్లు పోయే దారులు. ఎటు పోవాలో నెత్తిమీద బోర్డుల్లో పెద్ద అక్షరాలతో రాసే ఉంది. కాని బోర్డులు చూడటం తెలియనివాళ్ల పని కదా! ఏ రైలు ముందొస్తే అందులోకి మామను తోసి, నేనూ ఎక్కాను.

బండి చల్లగా ఉంది, మెత్తగా పోతోంది. మామ ముచ్చటపడి, “దీని నడక బాగుంది అల్లుడా, ఎక్కడా గుంజుత లేదు” అన్నాడు. నేను గర్వంగా వీడియో తీస్తున్నాను. రెండు మూడు స్టేషన్లు దాటాక పైనుంచి ఒక ఆడగొంతు ‘నాంపల్లి’ అంది. మామ చెవులు నిక్కబొడుచుకున్నాడు. “అల్లుడా, నాంపల్లి నాకెర్కే. దిల్‌సుఖ్‌నగర్ గిటు కాదు గదరా?” తప్పు రైలెక్కానని నాకూ అర్థమైంది. కాని నోరు ఊరుకుంటుందా? “ఇది చుట్టు తిరిగి పోతది మామా. సిటీల అన్నీ గట్లనే.” (ఆ పట్టాలు ఎటూ చుట్టు తిరగవు. ఇటు పోయినవి మియాపూర్‌లో ఆగిపోతాయి.) మామ నా నడకను అంచనా వేసినట్టు ఒక చూపు చూశాడు. లకిడీకాపూల్‌లో తలుపులు తెరుచుకోగానే, “ఉండు, ఎవర్నన్న అడుగుత” అని ఠక్కున దిగిపోయాడు. పల్లె బస్సులా తాను ఎక్కేదాకా ఆగుతుందనుకున్నాడు పాపం. అడగడానికి ఆయన నోరు తెరిచాడో లేదో, తలుపులు మూసుకున్నాయి. అద్దానికి అటు మామ, ఇటు నేను. ఆయన నడుము సంచి మీద చెయ్యి వేసి తట్టి తట్టి ఏదో అరుస్తున్నాడు. ఒక్క ముక్క వినపడలేదు. నేను చెయ్యి ఊపాను. ఊరికి పోతున్నవాణ్ని సాగనంపినట్టు ఊపాను.

తరువాతి స్టేషన్ ఖైరతాబాద్‌లో దిగి ఫోను చేద్దామని చూస్తే, ఫోను చచ్చిపోయి ఉంది. పాటలు, ఫొటోలు, వీడియోలు కలిసి దాని ప్రాణం తీశాయి. అటువైపు పోయి వెనక్కి రైలెక్కి లకిడీకాపూల్ వచ్చాను. మామ లేడు. నాకోసం ముందుకు వచ్చాడేమోనని మళ్లీ ఖైరతాబాద్ పోయాను. లేడు. మళ్లీ లకిడీకాపూల్. ఇలా ఎన్నిసార్లు తిరిగానో నాకే గుర్తులేదు. ఎద్దుల సంతలో వేలమంది మధ్య తప్పిపోని మనిషిని సిటీలో పోగొట్టానే, అమ్మకేం చెప్పాలి? ఆయనకు చదువు రాదు, బోర్డులు చదవలేడు. అప్పటిదాకా ఆపుకున్న భయం అంతా ఒక్కసారిగా పైకి వచ్చి, స్తంభం చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాను. నల్ల కళ్లద్దాలు ఆ పూట పనికొచ్చింది ఆ ఒక్కదానికే. చివరికి ఒక కాలేజీ పిల్లను అడిగి, దిల్‌సుఖ్‌నగర్ పోయే రైలెక్కాను. జీవితంలో నేను దారి అడగడం అదే మొదలు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి గేటు దగ్గరికి వచ్చాక గాని, మామ సంచి మీద ఎందుకు తట్టాడో అర్థం కాలేదు. నా బిళ్ల ఆయన దగ్గరుంది. గేటు పక్క గాజు గదిలో ఒక ఉద్యోగి ఉన్నాడు.

“టోకెన్ ఏది?”

“మా మామ తాన ఉంది సార్.”

“మామ ఎక్కడున్నాడు?”

“తెల్వదు సార్.”

“మీరెక్కడికి పోవాలి?”

“పిల్లను చూడనీకి వచ్చిన.”

“వాళ్ల అడ్రస్ చెప్పండి.”

“ఫోన్ల ఉంది.”

“మరి ఫోన్ చూడండి.”

“చార్జింగ్ అయిపోయింది సార్.”

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. “ఇంతకూ మీరు ఏం పని చేస్తారు?”

“ఫోన్లు రిపేర్ చేస్త” అన్నాను.

ఆ గాజు గదికి బయటివైపు కూడా ఒక కిటికీ ఉంది. అక్కడ ఎవరో గట్టిగా నవ్వబోయి ఆపుకున్నారు. చూస్తే పసుపు చుడీదారు వేసుకున్న ఒక అమ్మాయి. ఉద్యోగి అటు తిరిగి, “మేడం, తప్పిపోయాడని మీరు చెప్పింది ఇతని గురించేనా?” అన్నాడు. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “నేనూ ఫొటోలనే చూసిన సార్. ఇతనే అయ్యుంటడు. కాని ఫొటోల ఇంకా జర ధైర్యంగా ఉండె” అంది.

ఇంతలో మెట్లు ఎక్కుతూ మామ వచ్చాడు, వెనకే అమ్మాయి తండ్రి. “అల్లుడా! ఇగో నీ బిళ్ల!” అని సంచిలోంచి తీసి దూరం నుంచే ఆడించాడు. తరువాత తెలిసింది: మామ లకిడీకాపూల్‌లో ఊడుస్తున్న ఆమెను అడిగాడట, ఆమే ఆయన్ను చెయ్యి పట్టుకున్నట్టు తీసుకుపోయి ఇటువైపు రైలెక్కించిందట. గంట కిందటే దిగి, తన పాత బటన్ల ఫోనుతో పిల్ల తండ్రికి ఫోను చేసి, “మీకు కాబోయే అల్లుడు రైల్ల తిరుగుతుండు, జర దొర్కబట్టుండ్రి” అన్నాడట. లోపల ఎక్కువసేపు తిరిగినందుకు కట్టాల్సింది కట్టాక నన్ను బయటికి వదిలారు. మామను చూడగానే గట్టిగా పట్టుకున్నాను. “ఏందిరా, నేను గిట్ల పోతనా” అన్నాడు గాని, ఆయన చెయ్యి కూడా నా భుజాన్ని చాలాసేపు వదల్లేదు.

అప్పుడు మామ గోడ గడియారం చూసి (చదువు రాకున్నా ముళ్లు మాత్రం ఆయనకు తెలుసు) నిలబడిపోయాడు. పదిన్నర దాటి పది నిమిషాలైంది. “ఇప్పుడు గడప దాటొద్దు బావా, రాహుకాలం” అన్నాడు. అమ్మాయి తండ్రి తల గోక్కున్నాడు. ఇంట్లో పిండివంటలు చల్లారిపోతున్నాయి. మామ సంతలో బేరం తేల్చినట్టు తేల్చేశాడు: “గడప దాటొద్దన్నరు గాని స్టేషన్ల కూసోవద్దన్లే. ఇది సర్కారు జాగ. పిల్లా పిలగాడూ ఇక్కడనే మాట్లాడుకోనీ.” అలా నా పెళ్లిచూపులు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్లో, వచ్చేపోయే జనం మధ్య, ఒక ఇనుప బెంచీ మీద మొదలయ్యాయి. పెద్దవాళ్లిద్దరూ కింద టీ దుకాణానికి పోయారు.

ఇంటి ముందు గదిలో అయితే నాలుగు మాటల్లో అయిపోయేది. ఇక్కడ గంటకు పైగా టైముంది. ఆమె నేరుగా అడిగింది. “సిటీ అంతా మీకు ఎర్కనంట గద?”

అలవాటుగా నోరు తెరిచాను. ఎందుకో మూతబడింది. “తెల్వదు” అన్నాను. “ఒక్కసారే ఎక్కిన రైలు. గది సుత మా దోస్తు ఎక్కిచ్చిండు. మీ ఉద్యోగం మానమని మాత్రం ఎప్పుడూ అనను. సిటీల ఎట్ల బతకాలెనో తెల్వదు, నేర్చుకుంట.”

 అప్పుడామె, ఉద్యోగంలో చేరిన తొలిరోజున తప్పు బస్సెక్కి పటాన్‌చెరు దాకా పోయి, కొత్త తెల్ల డ్రెస్సులో రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చిన సంగతి చెప్పింది. “గా ముచ్చట మా నాయనకు సుత ఇప్పటిదాక చెప్పలే” అంది. పన్నెండయ్యేసరికి మామ పైకి వచ్చి మా ఇద్దరి మొహాలు ఒకసారి చూసి, బేరంలో ఎద్దు పళ్లు లెక్కపెట్టాల్సిన పనే లేదన్నట్టు తల ఊపాడు.

మా పెళ్లయి ఏడేళ్లయింది. ఆమె అదే ఆస్పత్రిలో ఉంది. నేను అమీర్‌పేటలో ఒక చోట పనిచేస్తూ రోజూ ఆ రైల్లోనే పోయి వస్తున్నాను. ఇప్పుడు కొత్త చోటికి పోవాలంటే ముందు రాత్రే ఫోనులో దారి చూసుకుంటాను, ఎన్నో గేటులోంచి బయటికి రావాలో రాసుకుంటాను, అనుమానమొస్తే ఇద్దరిని అడుగుతాను. తప్పిపోయి చాలాకాలమైంది. కాని ఒక్కోసారి పొద్దున ఖైరతాబాద్ దాటుతుంటే, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఏ బోర్డూ చూడకుండా ముందొచ్చిన రైలెక్కేసిన ఆ గద్వాల పిల్లగాడు గుర్తొస్తాడు. వాడెక్కింది తప్పు రైలే. ఎక్కడం మాత్రం ఎంత దర్జాగా ఎక్కాడో! నాకిప్పుడు సరైన రైలు కూడా అంత దర్జాగా ఎక్కడం రాదు.