మూడు గంటల ఫోను

ఆ వయసులో నాకు నా తెలివి మీద ఉన్నంత నమ్మకం ఆ తర్వాత మళ్లీ దేని మీదా కలగలేదు. తెలుగు ఎమ్మే చదివి, ఉదయగిరిలో ఇంట్లో కూర్చుని, లైబ్రరీలో చదవదగ్గవన్నీ అయిపోయాక, ఆత్మకూరులో ఒక పెద్ద బట్టల షోరూములో చీరల సెక్షన్లో చేరాను. (ఇంట్లో మాత్రం సూపర్‌వైజర్ కింద తీసుకున్నారని చెప్పాను. అబద్ధమేమీ కాదు, సూపర్‌వైజర్ కిందే పనిచేసేదాన్ని.) పొద్దున బస్సులో పోతూ పుస్తకం, సాయంత్రం బస్సులో వస్తూ పుస్తకం. మధ్యలో ఉన్న ఎనిమిది గంటలు నా స్థాయికి తగినవి కావని నా అభిప్రాయం. పక్కన పనిచేసే చేజర్ల అక్క నన్ను పంతులమ్మా అని పిలిచేది. అది గౌరవమనే అనుకున్నాను.

మా మేనేజరు ఆడమనిషి. నలభై దాటిన వయసు, నూలు చీర, తక్కువ మాటలు. సేల్స్‌లో చేరి ఆ కుర్చీ దాకా వచ్చిందని చెప్పుకునేవారు. ఆమెకు మేం చాటుగా పెట్టుకున్న పేరు మడతల మేడం. ఆమె ఎవరినీ తిట్టేది కాదు. వచ్చినవాళ్లు నలభై చీరలు విప్పించుకుని ఏమీ కొనకుండా లేచిపోతే మేం మూతి ముడుచుకుని చీరల్ని ఎట్లాగో కుక్కేసేవాళ్లం. ఆమె వచ్చి పక్కన కూర్చుని, మేం మడిచినవన్నీ ఒక్కొక్కటే విప్పి, అంచుకు అంచు కలిపి మళ్లీ మడిచేది. ఒక్క మాట ఉండదు. ఐదో చీర దగ్గరికి వచ్చేసరికి మాకు ఏడుపొచ్చేది. "రెండు తిట్టినా బాగుండు గదే పంతులమ్మా, ఈమె పక్కన కూర్చుంటే మా అత్త గుర్తొస్తాది" అనేది చేజర్ల అక్క. మేడం గురించి ఇంకొకటి కూడా చెప్పుకునేవారు. కొత్త సరుకులో ఆమె వద్దన్న చీర ఎక్కడా అమ్ముడుపోదు, తెప్పించమన్నది వారంలో అయిపోతుంది. ఆ చూపు ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

రోజూ మధ్యాహ్నం మూడింటికి, గిరాకీ పలచబడే వేళకి, మేడం నాలుగైదు కొత్త చీరలు చేతిమీద వేసుకుని మేడ మీదికి పోయేది. పావుగంట తర్వాత దిగి వచ్చేది. పైన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతుందని స్వీపరమ్మ చెప్పింది. మా కంపెనీలో ఒక నియమం ఉండేది. మా దగ్గర పనిచేసేవాళ్లు బయట సొంతంగా చీరలు అమ్మితే ఆ రోజే తీసేస్తారు. అప్పటికే ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఫోనులో చీరలు చూపించి ఇంట్లోంచి అమ్ముతున్నారు. నా బుర్రకి రెండూ రెండూ కలపడానికి పావుగంట కూడా పట్టలేదు.

నిజం తేల్చుకోవాలని ఒకరోజు ఆమెకంటే ముందే మేడ మీదికి వెళ్లాను. అక్కడ ఒక మూల చీరలు కట్టిన బొమ్మలు నాలుగు ఉండేవి. వాటి మధ్య, పైట తలమీదికి లాక్కుని, ఒక చెయ్యి నడుం మీద పెట్టి నిలబడ్డాను. (చదివిన డిటెక్టివ్ నవలలన్నిటిలో ఈ ఉపాయం ఎందుకు లేదో అప్పుడు ఆలోచించలేదు.) మేడం వచ్చింది. నావైపు వీపు పెట్టి కూర్చుని ఫోను చేసింది. "వంగపండు రంగు. అంచు చిలకపచ్చ, జానెడు ఉండాది. పట్టుకుంటే గరుకు, ఒక ఉతుకు పడితే మెత్తబడతాది. ఎన్ని తెప్పించమంటావు?" ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సరిగ్గా అప్పుడే సంగం ఊరి నుంచి వచ్చిన ఒక అవ్వ, దారి తప్పి మెట్లెక్కి వచ్చి, నా కొంగు పట్టుకుని లాగింది. "ఈ బొమ్మకి కట్టిన రకం చూపీమ్మా" అంది. అది మా యూనిఫాం చీర. ఆ చీరని మెచ్చుకున్న మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. నేను ఊపిరి బిగబట్టాను గానీ తుమ్మును బిగబట్టలేకపోయాను. మేడం లేచి వచ్చి, జారిన నా పైట సర్ది, "అది అమ్మేది కాదు అవ్వా, కింద ఇంకా మంచివి ఉండాయి రా" అని ఆమెను తీసుకుని దిగిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, మర్నాడూ అనలేదు. తప్పు చేయని మనిషైతే తిట్టి ఉండేదని నేను తేల్చుకున్నాను. ఆమె ఎవరినీ తిట్టదని తెలిసి కూడా.

ఆ ఆదివారం నెల్లూరులో మా కంపెనీ ఆఫీసుకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. పేరు పెట్టలేదు. కంపెనీ మేలు కోసం రాస్తున్నానని అందులో ఉంది. ఆ కుర్చీ ఖాళీ అయితే ఎమ్మే చదివినదాన్ని నేనొక్కదాన్నే ఉన్నానన్న ఆలోచన మాత్రం అందులో లేదు.

పది రోజులకి నెల్లూరు నుంచి ఆఫీసాయన వచ్చాడు. షాపు తెరవకముందే మా అందరినీ నిలబెట్టి ఉత్తరం పైకి చదివాడు. "సంస్థ శ్రేయస్సును కాంక్షించు ఒక నిస్వార్థ హృదయం" దగ్గర బాగానే చదివాడు గానీ, "ప్రచ్ఛన్నముగా" దగ్గర మూడుసార్లు ఆగాడు. మూడోసారికి చేజర్ల అక్క నావైపు తిరిగి చూసింది. తర్వాత మిగతావాళ్లూ చూశారు. మేడం ఒక్కతే చూడలేదు. ఆమెకు తెలియలేదనే అనుకున్నాను.

రోజూ ఫోను ఎవరికని ఆయన అడిగాడు. జవాబు సరిగా లేకపోతే ఆ పూటే తాళాలు ఇచ్చి వెళ్లాలని కూడా చెప్పాడు.

"మా ఆయనకి సార్. ముందు మాకు సొంత బట్టల కొట్టు ఉండేది. షుగరొచ్చి ఆయనకి చూపు పోయినాక మూసేసినాం. రోజూ కొత్త చీరలు చెప్తాను. ఏది పోతాదో ఆయన చెప్తాడు. నన్ను తెలివిగలదని ఈ కుర్చీలో కూర్చోబెట్టినారు. అందులో సగం ఆయనది. చెప్తే తీసేస్తారేమోనని చెప్పలేదు."

నిజమో కాదో చూస్తానని ఆయన అక్కడే స్పీకరులో ఫోను చేయించాడు. అవతలి నుంచి పెద్దాయన గొంతు వచ్చింది. "ఏందమ్మీ, ఇయ్యాల పొద్దున్నే చేసినావు? సరుకొచ్చిందా? అవునూ, ఆ ఉదయగిరి పిల్లని సూపర్‌వైజర్ని చెయ్యమని నెల్లూరికి రాస్తానంటివే, రాసినావా?"

"ఇంకా లేదు. మళ్లా చేస్తాను" అని మేడం ఫోను పెట్టేసింది.

ఆఫీసాయన ఉత్తరం జేబులో పెట్టుకుని, టీ కూడా తాగకుండా పోయాడు. నేను ఆ పూట ఎన్ని చీరలు విప్పి మడిచానో తెలియదు. మేడం సాయంత్రం పిలిచి, "రేపు నాకు నెల్లూరులో మీటింగు. మూడింటికి నువ్వు ఆయనకు ఫోను చేసి చీరలు చెప్పు" అంది. అంతే. మర్నాడు ఫోను చేసి, మొదటి చీరను ఉదయసంధ్యతో పోల్చాను. ఆయన కాసేపు విని, "అమ్మాయ్, అదంతా వద్దు, ఏ రంగో చెప్పు" అన్నారు. ఎర్రది సార్ అన్నాను. అన్నీ అయ్యాక మామూలుగా అడిగారు: "ఎవరో ఉత్తరం రాసినారంట గదా. ఎవరో తెలిసిందా?" తెలీదు సార్ అన్నాను.

రెండు నెలలకి నేను సూపర్‌వైజర్నయ్యాను. తర్వాత వేరే ఊళ్లో మేనేజర్నయ్యాను. మేడంకి పండగలకి ఫోను చేసేదాన్ని. ప్రతిసారీ చెప్పాలనుకుని, వానల గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని. పోయిన నెల ఆమె పోయింది.

పదకొండో రోజు అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. పెద్దాయన వరండాలో కుర్చీలో ఉన్నారు. బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయి, ఆ ఉత్తరం రాసింది నేనే సార్ అని మాత్రం అనగలిగాను.

"తెలుసమ్మా" అన్నారాయన. "ఉత్తరం రాసింది ఆ పిల్లే, రేపు ఫోను చేసేదీ ఆ పిల్లే, దాన్ని ఏమీ అడగొద్దని ఆమె చెప్పింది. నేనే ఉండబట్టలేక అడిగినాను. తెలీదు అనేదానికి నువ్వు ఎంతసేపు తీసుకున్నావో తెలుసా? లైను కట్టయిందేమో అనుకున్నా." అని నవ్వారు. నవ్వుతూనే తువ్వాలుతో చాలాసేపు ముఖం తుడుచుకున్నారు.

తిరుగు బస్సులో కూర్చున్నాక ఆలోచించాను. ఇన్నేళ్లూ వాళ్లకు తెలియని పెద్ద భారం ఒంటరిగా మోస్తున్నానని, ఆ మోయడంలోనైనా నాకు కాస్త పెద్దరికం ఉందని అనుకుంటూ వచ్చాను. ఉత్తరం రాసిన ఆ పిల్లకి తెలివి లేదు, సరే. కిందటి వారం దాకా తన సిబ్బందికి మనుషుల్ని చదవడం ఎట్లాగో పాఠాలు చెప్పిన ఈ మేనేజరు సంగతేమిటి? పైకే నవ్వినట్టున్నాను. పక్కసీటావిడ నన్నొకసారి చూసి, సంచి ఒళ్లోకి తీసుకుని, కిటికీ వైపు కొంచెం జరిగింది.