అల్లాబక్షు ఎర్రచుక్కలు

అల్లాబక్షుకి చెవుడు తెచ్చిపెట్టింది మిల్లే. నల్లపాడు దగ్గర నూలు మిల్లులో ఇరవై రెండేళ్లు ఫిట్టరుగా చేశాడు. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, లోపల గుండ్లు ఎలా ఉన్నాయో చెప్పేసే మనిషి! అలాంటివాడికి 2003 నాటికి పక్కన నిలబడి పిలిచినా వినపడదు. గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేస్తానన్నాడు మేనేజరు జయరావు. పానా పట్టిన చేతికి కర్రా! అల్లాబక్షుకి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో మిల్లుకి అదురు కొలిచే మీటరొచ్చింది. బేరింగుకి ఆనిస్తే అదురెంతో అంకె చూపిస్తుంది. రెండు లోపుంటే దిగుల్లేదు.

"అంకె చూడ్డానికి చెవులెందుకు సారూ? నాకివ్వండి" అని పట్టుబట్టాడు. నెల రోజులు చూద్దామన్నాడు జయరావు.

చోటు మారితే అంకె మారిపోతుందని ప్రతి బేరింగు మీదా ఎర్రరంగు చుక్క పెట్టుకుని, రోజూ అక్కడే కొలిచి నోట్‌బుక్కులో రాశాడు.

మూడో వారం, దూదిపొట్టు లాగే పెద్ద ఫ్యాను కీచుమంది. ఇంకో ఫిట్టరు ఏసుబాబు దాని బేరింగుకి గ్రీజు దట్టించాడు. అరుపు ఆగింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. అల్లాబక్షుకి అరుపూ తెలీదు, ఆగడమూ తెలీదు. మీటరులో మాత్రం గ్రీజుకి ముందు నాలుగు, తర్వాతా నాలుగే. మర్నాడు అయిదున్నర. మూడోనాడు ఏడు దాటింది.

"ఫ్యాను ఆపండి సారూ, బేరింగు పోయింది."

"చప్పుడే లేదు కద బాబాయ్!" ఏసుబాబు చెవి దగ్గర అరిచాడు.

"దాని నోరు మూయించావురా, రోగం తగ్గించలా!"

జయరావుకి చిర్రెత్తింది. ఆ ఫ్యాను ఆగితే సగం మిల్లు ఆగుతుంది. "విప్పాక బాగుంటే రేపట్నుంచి గేటే!" అని అటు వేలు చూపించాడు.

"సరే" అన్నాడు అల్లాబక్షు. పానా అందుకున్నాడు.

విప్పారు. అల్లాబక్షు గ్రీజు తుడిచి, బేరింగు బయటి రింగు లోపల వేలు తిప్పాడు. గోరు తగులుకుంది. బియ్యపుగింజంత పెచ్చు ఊడి ఉంది, పక్కనే మరొకటి. ఇంకో రెండు రోజులు తిరిగితే గుండ్లు చెదిరి, నిప్పురవ్వ దూదిలో పడేదే! జయరావు మొహంలో నెత్తురుచుక్క లేదు.

కొత్త బేరింగు అల్లాబక్షే ఎక్కించాడు. ఎర్రచుక్క పెట్టి కొలిస్తే ఒకటిన్నర.

జయరావు ఏదో అన్నాడు. వినపడక అల్లాబక్షు నోట్‌బుక్కు చాపాడు. జయరావు అందులో రాసి సంతకం పెట్టాడు.

"ఇకనుంచి ఏ మిషను ఆపాలన్నా హెడ్ ఫిట్టరు అల్లాబక్షు మాటే ఖాయం."

అల్లాబక్షు దాన్ని రెండుసార్లు పైకి చదివాడు, మిల్లు మిల్లంతా వినపడేలా.