పేట చుక్కకు నేను చేసిన వైద్యం

1962 జూలైలో నన్ను విద్యుత్ శాఖ సూపర్‌వైజర్‌గా జగ్గయ్యపేట సెక్షన్‌కు వేశారు. సూపర్‌వైజర్ అన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది కానీ అదేమీ పెద్ద హోదా కాదు. పైన నందిగామలో అసిస్టెంట్ ఇంజనీరు గారు, కింద ఒక లైన్ ఇన్‌స్పెక్టరు, నలుగురు వైర్‌మన్లు, మధ్యలో నేను. పైనుంచి వచ్చే మెమోలు పుచ్చుకోవడం, కింది వాళ్లకు మెమోలు ఇవ్వడం నా పని. రెండో పని మొదటి నెలలోనే చాలా శ్రద్ధగా చేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా.

జగ్గయ్యపేటను చుట్టుపక్కల వాళ్లు పేట అంటారు. ఊరి పక్కన ఒక గుట్ట, దాని మీద ఒక ఇనుప స్తంభం, స్తంభం చివర రేకు టోపీ కింద ఐదువందల వాట్ల బల్బు ఉండేవి. ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో, ఆ సంగతి పదూళ్లకు తెలియాలని అప్పటి అధికారి ఎవరో పెట్టించారట. సబ్‌స్టేషన్‌లో దానికి ప్రత్యేకంగా ఒక స్విచ్ ఉండేది. జనం దాన్ని పేట చుక్క అనేవారు. మామూలు తీగ బల్బు. పసుపు పచ్చగా, కొంచెం మసక మసకగా వెలిగేది. కానీ దాని గురించి పేట వాళ్లు మాట్లాడే తీరు వింటే సూర్యుడు కూడా సిగ్గుపడాలి. నందిగామ వాళ్లు ఎవరైనా తమ ఊళ్లో తాలూకా కచేరీ ఉందని గొప్పలు పోతే, పేట వాళ్లు తాపీగా వక్కపలుకు నములుతూ, కచేరీ రెండు మైళ్ల నుంచి కనిపిస్తుందా అండి అని అడిగేవారు. అక్కడితో వాదన ముగిసిపోయేది.

ఆ చుక్కకు ఇంకో పని ఉంది. అది నాకు అప్పట్లో తెలియదు, పాఠకులకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను. ఊరికి రెండు మైళ్ల దూరంలో వాగు, వాగు మీద చప్టా ఉన్నాయి. చప్టా అంటే వంతెన కాదు, వాగు అడుగున పరిచిన రాతి బాట. ఎగువన వాన కురిస్తే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే నీళ్లు వచ్చిపడతాయి. ఎగువ ఊరి సబ్‌స్టేషన్‌కూ మాకూ మధ్య శాఖ వేసిన టెలిఫోను లైను ఉండేది. వాగు వచ్చిందని అక్కడి ఆపరేటరు ఫోన్ చేస్తే, మా వైర్‌మన్ దేవసహాయం చుక్క స్విచ్‌ను మూడుసార్లు తీసి వేసేవాడు. అవతలి ఒడ్డు నుంచి వచ్చే బండ్ల వాళ్లు చప్టాలోకి దిగేముందు ఒకసారి గుట్ట వైపు చూసేవారు. చుక్క మూడుసార్లు కన్నుకొడితే ఒడ్డునే ఎడ్లను విప్పేవారు. ఏళ్ల తరబడి ఇలా జరుగుతోంది.

రూలు ప్రకారం ఇదంతా నేరం. ఆ స్విచ్‌ను సందెవేళ వేయాలి, తెల్లవారాక తీయాలి, రెండు సమయాలూ లాగ్‌బుక్‌లో రాయాలి. మధ్యలో ముట్టుకుంటే సంజాయిషీ ఇచ్చుకోవాలి. శాఖ ఫోన్‌లో శాఖకు సంబంధం లేని మాట మాట్లాడితే అదొక నేరం. దేవసహాయం నలభై ఏళ్ల మనిషి, చిల్లకల్లు వాడు, ఆదివారం ఉదయం తప్ప మిగతా వేళలన్నీ స్తంభాల మీదే ఉండేవాడు. ఒకరోజు చుక్కను ఏడు నిమిషాలు ఆలస్యంగా వెలిగించాడని నేనిచ్చిన మొదటి మెమో అతనికే. అటువంటి అధికారికి అతను వాగు సంగతి చెబుతాడా?

ఆగస్టులో మాకు కొత్త రకం దీపాలు వచ్చాయి. మెర్క్యురీ వేపర్ ల్యాంపు అంటారు. గాజు లోపల పాదరసం ఆవిరై తెల్లగా వెలుగుతుంది. సగం కరెంటుకే రెట్టింపు వెలుతురు. సెక్షన్‌కు ఒక్కటే ఇచ్చారు. నేను దాన్ని గుట్ట మీద పెట్టించాను. ఆ సాయంత్రం బజారులో నిలబడి, ఇన్నాళ్లూ మీ చుక్కకు కామెర్లు, ఇవాళ్టితో నయమైంది, ఇది ఇప్పట్లో మాడిపోయే దీపం కాదు అని నలుగురూ వినేలా చెప్పాను కూడా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మూడో రోజు కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. ఊళ్లో దీపాలన్నీ వెంటనే వెలిగాయి, చుక్క మాత్రం వెలగలేదు. ఈ రకం దీపానికి అదొక లక్షణం. ఒకసారి ఆరితే, లోపలి వేడి చల్లారేదాకా మళ్లీ అందుకోదు. ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. దేవసహాయం నా దగ్గరకు వచ్చాడు.

“అయ్యా, ఇది ఆరితే ఎంటనే రాదా అండి?”

రాదని చెప్పి, పాదరసం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అతని ముఖం పాలిపోయింది. సైన్సు అతనికి అంతుపట్టలేదు కాబోలనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఊరి వాళ్లు నా ఆఫీసుకు వచ్చారు. ముందు మిషన్ స్కూలు టీచరు రూతమ్మ గారు, వెనక హోటలు సుబ్బారావు, ఆయన వెనక మరో పదిమంది. అర్జీ అందంగా రాసి ఉంది. విషయం దీపం రంగు. తెల్ల దీపం కింద తన హోటల్లో ఇడ్లీలు నీలంగా కనబడుతున్నాయని, జనం ఒకటి తిని లేచిపోతున్నారని సుబ్బారావు బాధపడ్డాడు. అతని హోటలు గుట్టకు అర మైలు దూరం. నేను ఆ మాటే అన్నాను.

“ఇడ్లీ సంగతి మీకేం తెలుసండీ, అది చాలా సున్నితమైన పదార్థం,” అన్నాడు.

మరొకాయన తమ ఇంటి గేదె పాలు తగ్గించిందన్నాడు. ఇంకొకాయన, పెళ్లిచూపుల వాళ్లు సాయంత్రం వచ్చి తమ అమ్మాయి ఆకుపచ్చగా ఉందని వెళ్లిపోయారన్నాడు. రూతమ్మ గారు మాత్రం ఇవేవీ చెప్పలేదు. నన్ను కొంచెంసేపు పరీక్షగా చూసి, “పాత దీపమే పెట్టించండి బాబూ. మాకు అదే అలవాటు,” అన్నారు. అలవాటు అన్నది శాఖాపరమైన కారణం కాదన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయి, బయట స్తంభం దగ్గర నిలబడ్డ దేవసహాయం వైపు చూసి ఆగిపోయారు.

వాళ్లు వెళ్లాక నేను చాలాసేపు నవ్వుకున్నాను. ఆ అర్జీని నందిగామ పంపితే మా అసిస్టెంట్ ఇంజనీరు గారు కూడా నవ్వి, మార్జిన్‌లో ‘గేదెను పశువైద్యుడికి చూపించవలెను’ అని రాసి తిప్పి పంపారు.

సంత నాడు బజారులో దేవసహాయం అన్న యాకోబు కనబడ్డాడు. అవతలి ఒడ్డు ఊళ్ల నుంచి ఆరేడు బండ్లు జట్టుగా వస్తే, ముందు బండి అతనిది. నోరు పెద్దది. నన్ను చూడగానే, “సూపర్‌వైజరు గారూ, ఏం చుక్కండీ అది, విరిగిపోయిన పాలల్లే ఉంది. నాలుగు వారాలు బతికితే నా మీసం తీసేస్తా,” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను హుందాగా నడిచి వచ్చాను. లోపల మాత్రం ఆ మీసం రాలడం చూడాలని బలంగా కోరుకున్నాను.

ఆ తర్వాతి వారం, సంతకు ముందురోజు సాయంత్రం, స్విచ్చింగ్ సమయం తనిఖీ చేద్దామని సబ్‌స్టేషన్‌కు వెళ్లాను. దేవసహాయం సరిగ్గా వేళకు చుక్కను వెలిగించి లాగ్‌బుక్‌లో రాశాడు. పేటలో చినుకు కూడా లేదు. నేను సంతకం పెడుతుండగా ఫోన్ మోగింది. దగ్గర ఉన్నాను కనుక నేనే తీశాను.

“దేవసహాయమా? వాగు వొచ్చింది, మస్తుగ వొచ్చింది. గంటసేపటి సంది మోగిస్తున్న, లైను కలుస్తలేదు. జల్ది చుక్క కొట్టు!”

చుక్క కొట్టడం ఏమిటి, నువ్వెవరు, శాఖ ఫోన్‌లో ఈ వాగు గొడవేమిటి అని నేను వరసగా అడుగుతున్నాను. దేవసహాయం నా చేతిలోంచి రిసీవరు లాక్కున్నాడు. నా సర్వీసులో కింది ఉద్యోగి ఎవరూ అటువంటి పని చేయలేదు. ఒక్క మాట విన్నాడు, పెట్టేశాడు, పరుగున వెళ్లి చుక్క స్విచ్ తీసి వేశాడు. మళ్లీ తీసి వేశాడు. మూడోసారీ అంతే చేశాడు. గుట్ట మీద మొదటిసారి ఆరిన దీపం ఆరినట్టే ఉండిపోయింది.

“ఏం చేస్తున్నావు నువ్వు?” అన్నాను.

అప్పుడు చెప్పాడు. వాగు, చప్టా, మూడుసార్లు, అన్నీ నాలుగు ముక్కల్లో చెప్పాడు. సంతకు రావాల్సిన బండ్లు ఈపాటికి చప్టా దగ్గరే ఉంటాయన్నాడు. ముందు బండి మా అన్నదన్నాడు.

“పది నిమిషాలు ఆగితే వెలుగుతుంది,” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

“నీళ్లాగుతాయా అండి పది నిమిషాలు?”

ఇద్దరం సైకిళ్లు తీశాం. రెండు మైళ్లు బురదబాట. అతను ముందు, నేను వెనక. నా కాళ్లు పెడళ్ల మీద ఉన్నాయి కానీ ప్రాణం మాత్రం చప్టా మీద ఉంది. ఊళ్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి, గుట్ట ఒక్కటే నల్లగా ఉంది. ఆ నలుపు నా చేతి పని అని మొదటిసారి తెలిసింది. భయం వేసింది. సంజాయిషీ గురించి కాదు, ఆ బండ్ల గురించి.

మేం వెళ్లేసరికి వాగు ఒడ్డులొరుసుకుని పోతోంది. చప్టా ఆనవాలు లేదు. దేవసహాయం సైకిలు పడేసి నీటి అంచున నిలబడి, “అన్నా! యాకోబన్నా!” అని గొంతు చించుకుని అరిచాడు. నీటి హోరు తప్ప ఏమీ వినబడలేదు. మళ్లీ అరిచాడు. అప్పుడు అవతలి ఒడ్డున ఒక లాంతరు ఊగింది. ఇంకొకటి, మరొకటి. లెక్కపెట్టాను. ఏడు.

“ఏరా, వచ్చావా! మీ సూపర్‌వైజరుకి చెప్పరా, ఆయన చుక్క చచ్చిందని! మూడు వారాలు కూడా నిండలేదు, నా మీసం నాకే ఉందని చెప్పు!”

తర్వాత తెలిసింది ఇది. యాకోబు ఎడ్లను చప్టాలోకి దించబోతూ అలవాటుగా గుట్ట వైపు చూశాడు. అతను చూస్తుండగానే చుక్క ఆరింది. మామూలుగా అయితే కరెంటు పోయిందనుకుని దిగేవాడే, కరెంటు పోవడం రోజూ ఉన్నదే. కానీ ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి. అంటే పోయింది కరెంటు కాదు, సూపర్‌వైజరు తెచ్చిన దీపం. ఆ సంతోషాన్ని ఒక్కడే అనుభవించడం అతనికి చేతకాలేదు. బండి ఆపి, వెనక వాళ్లందరినీ పిలిచి, చుట్టలు వెలిగించి, నన్నూ నా దీపాన్నీ మా శాఖనూ తీరిగ్గా తిట్టడం మొదలుపెట్టాడు. తిట్లు సగంలో ఉండగా నీళ్లు వచ్చాయి.

నేను చీకట్లో, ఇవతలి ఒడ్డున, నోరు మూసుకుని నిలబడి మిగతా సగం విన్నాను. నా ఉద్యోగంలో చాలా తిట్లు తిన్నాను. అంత ఆనందంగా విన్నవి ఇంకెప్పుడూ లేవు. దేవసహాయం కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే నేను స్వయంగా గుట్ట ఎక్కి పాత బల్బు పెట్టించాను. దిగి వచ్చేసరికి రూతమ్మ గారు స్కూలుకు వెళుతూ కనిపించారు. వాగు సంగతి ఆ రోజే నాకు ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను.

“చెబితే మీరు చుక్కని మార్చేవారో లేదో తెలీదు గాని, దేవసహాయానికి మెమో మాత్రం ఇచ్చేవారుగా బాబూ. అతని ఇంట్లో ఆరుగురు. అందుకని ఊరంతా నెపాన్ని రంగు మీదకు నెట్టాం.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, “గేదె మాట మాత్రం నాకు ముందు తెలీదు,” అన్నారు.

ఆమె చెప్పింది నిజం. నేను మెమో ఇచ్చేవాణ్ణే, నకలు నందిగామకు కూడా పంపేవాణ్ణి.

వారం తిరక్కుండా అసిస్టెంట్ ఇంజనీరు గారి నుంచి సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. శాఖ ఇచ్చిన కొత్త దీపాన్ని ఎందుకు తొలగించవలసి వచ్చినది అన్నారు. నిజం రాస్తే దేవసహాయం పేరు రావాలి. ఒక రాత్రంతా ఆలోచించి, ‘దీపపు రంగు వలన స్థానిక హోటలులో ఇడ్లీల రూపునకు భంగము కలుగుచున్నందున’ అని రాసి సంతకం పెట్టాను. అదనంగా సబ్‌స్టేషన్ గోడకు ఒక ఉత్తర్వు అంటించాను. వర్షాకాలంలో, సర్క్యూటు పరీక్ష నిమిత్తం, డ్యూటీలో ఉన్న వైర్‌మన్ గుట్ట దీపం స్విచ్‌ను మూడుసార్లు తీసి వేయవచ్చును అన్నది దాని సారాంశం. దేవసహాయం దాన్ని రెండుసార్లు చదివి, అద్దం కట్టించాడు. సంజాయిషీకి మాత్రం నాకు మందలింపు వచ్చింది. అది నా సర్వీసు రిజిస్టరులో రిటైరయ్యేదాకా ఉంది.

ఆ తర్వాత చాలా సెక్షన్లలో పనిచేశాను, చాలా అర్జీలు అందుకున్నాను. పేటలో నేర్చుకున్నది ఒక్కటే. అర్జీలో రాసిన కారణం నవ్వు తెప్పిస్తే, రాయని కారణం ఒకటి ఉందన్నమాట. దాన్ని రాయనివ్వకుండా చేసింది ఎవరా అని వెతికితే, చాలాసార్లు అర్జీ అందుకుంటున్న మనిషే కనబడతాడు.